బాప్తిస్మం తర్వాత: తెలుగు సంఘాలు నిజమైన మార్పును కొలిచిన తీరు

క్రైస్తవంలో చేరిన మనిషి లోపల మారాడా, పైపైన మాత్రమే మారాడా అన్న ప్రశ్న ఆ మతంతో పాటే పుట్టింది. రాతినేల మీద పడి తొందరగా మొలిచి, ఎండ తగలగానే మాడిపోయిన విత్తనాల సంగతి సువార్తల్లోని ఉపమానంలోనే ఉంది. యోర్దాను ఒడ్డుకు వచ్చిన జనాన్ని బాప్తిస్మమిచ్చు యోహాను అడిగింది కూడా నడతలో కనిపించే ఫలాన్నే. తెలుగు నేల మీద ఈ ప్రశ్న అన్నిటికంటే సూటిగా ఎదురైంది 1878 జూలైలో. ఒంగోలుకు ఉత్తరంగా గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దగ్గర మూడు రోజుల్లో 3,536 మంది బాప్తిస్మం పొందారు. అందులో జూలై 3 ఒక్కనాడే 2,222 మంది. రెండేళ్ళ ఘోరమైన కరువు వెనువెంటనే జరగడంతో ఇది మారుమనస్సా, ఆకలా అన్న సందేహం దేశవిదేశాల్లో లేచింది. ఆ సందేహానికి తెలుగు సంఘాలు తర్వాతి అరవై ఏళ్ళ పాటు తమ జీవితంతో జవాబు చెప్పుకుంటూ వచ్చాయి. ఆ జవాబులో గెలుపులూ ఉన్నాయి, ఓటములూ ఉన్నాయి.

బాప్టిస్టుల నియమం

ఒంగోలు సంఘటన ఏ శాఖలో జరిగిందన్నది ఇక్కడ ముఖ్యం. శిశువులకు బాప్తిస్మం ఇచ్చే సంఘాల్లో పిల్లలు పుట్టుకతోనే సంఘం నీడలోకి వస్తారు. బాప్టిస్టులు దీన్ని ఒప్పుకోరు. తన విశ్వాసాన్ని తన నోటితో ఒప్పుకున్న మనిషికే, నీళ్ళలో పూర్తిగా ముంచి బాప్తిస్మం ఇస్తారు. తిరిగి జన్మించినవాళ్ళు మాత్రమే సంఘ సభ్యులు కావాలన్నది వాళ్ళ మూల సూత్రం.

ఈ పట్టింపు వెనుక అమెరికాలో రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. 17వ శతాబ్దపు న్యూ ఇంగ్లండ్ ప్యూరిటన్ సంఘాల్లో సభ్యత్వం కోరేవాళ్ళు తమలో దేవుని కృప ఎలా పనిచేసిందో సంఘం ముందు సాక్ష్యం చెప్పాల్సి వచ్చేది. రెండో తరంలో అలాంటి అనుభవం లేనివాళ్ళు పెరిగిపోయారు. 1662లో అక్కడి పెద్దలు వాళ్ళకు సగం సభ్యత్వం లాంటి ఏర్పాటు చేశారు. 1740లలో పెద్ద ఉజ్జీవం వచ్చినప్పుడు జొనాథన్ ఎడ్వర్డ్స్ అనే పాస్టరు దాని మంచిచెడ్డలు రెండూ దగ్గరగా చూశాడు. కన్నీళ్ళు, కేకలు, ఆనందపారవశ్యం, వాక్యాలు వల్లించడం ఇవేవీ వాటంతట అవి రుజువు కావని 1746లో వెలువడిన తన గ్రంథంలో వాదించాడు. చాలాకాలం నిలిచే ఆచరణే అన్నిటికంటే గట్టి గుర్తు అని తేల్చాడు. తెలుగు దేశానికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టులు ఈ ఉజ్జీవాల వారసత్వంలో పెరిగినవాళ్ళు. ఒక్కొక్క మనిషినీ విడిగా పరీక్షించి చేర్చుకోవాలన్నది వాళ్ళకు అలవాటైన పద్ధతి.

ఒంటరిగా వచ్చినవాళ్ళు

మొదటి దశాబ్దాల్లో తెలుగు ప్రాంతంలో మతం పుచ్చుకున్నవాళ్ళు చాలావరకు ఒంటరిగా వచ్చారు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాల అగ్రవర్ణాల పిల్లలను ఉద్దేశించింది. 1850లలో అక్కడి విద్యార్థులు కొందరు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు మిగతా పిల్లలను మానిపించారు. తరగతులు ఖాళీ అయ్యాయి. బాప్తిస్మం పొందిన యువకులు ఇల్లు, కులం, ఆస్తి వదులుకున్నారు. వాళ్ళ మార్పు నిజమైనదా అని ఎవరూ అడగలేదు. వాళ్ళు పోగొట్టుకున్నది అందరి కళ్ళెదుటా ఉంది.

కృష్ణా జిల్లా రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్యది మరో దారి. ఆయన మాల కులస్థుడు. మిషనరీలను చూడకముందే విగ్రహారాధన మానేసి నిజదేవుణ్ణి వెతుకుతూ తిరిగాడు. 1859లో బెజవాడలో మిషనరీ డార్లింగ్‌ను కలుసుకుని, ఆ ఏడే బాప్తిస్మం పొందాడు. ఆయన వెంట బంధువులు వచ్చారు, బంధువుల బంధువులు వచ్చారు. మతం చుట్టరికం వెంబడి ప్రయాణించడం కృష్ణా సీమలో అలా మొదలైంది.

నెల్లూరు కేంద్రంగా పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషన్ పరిస్థితి వేరు. శామ్యూల్ డే 1836లో విశాఖపట్నం చేరి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. పాతికేళ్ళు గడిచినా చేతివేళ్ళ మీద లెక్కపెట్టగల మార్పులే కనిపించాయి. ఈ మిషన్‌ను మూసేద్దామని అమెరికాలోని బోర్డు ఒకటికి మూడుసార్లు తర్జనభర్జన పడింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జూవెట్ దంపతులు ముగ్గురు తెలుగు క్రైస్తవులతో కలిసి ఒంగోలు కొండ మీద ప్రార్థన చేశారు. ఆ కొండకు తర్వాత ప్రార్థన కొండ అనే పేరు వచ్చింది.

పేరయ్య, క్లౌ

1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలుకు మకాం మార్చాడు. మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో భూమి కొలిచే సర్వేయరుగా పనిచేశాడు. ఆ పని అనుభవం కొన్నేళ్ళ తర్వాత ఎవరూ ఊహించని విధంగా అక్కరకొచ్చింది.

ఒంగోలు ఉద్యమానికి అసలు మూలపురుషుడు యెర్రగుంట్ల పేరయ్య. తాళ్ళకొండపాడుకు చెందిన మాదిగ. తోళ్ళ బేరం మీద ఉత్తరపు ఊళ్ళకు తిరిగేవాడు. అంతకు చాలా ఏళ్ళ ముందే గురువు దగ్గర రాజయోగం నేర్చుకుని సాధన చేసిన మనిషి. మాలమాదిగ పల్లెల్లో పోతులూరి వీరబ్రహ్మం పేరు, అచల బోధ, తత్వాలు అప్పటికే వ్యాపించి ఉన్నాయి. కులం అడ్డు లేని దేవుడి కోసం వెతుకులాట ఆ పల్లెలకు కొత్తకాదు. ఏలూరు ప్రాంతంలో క్రీస్తు సంగతి విన్న పేరయ్య 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తన ఊరి చుట్టుపక్కల వాళ్ళకు తానే బోధించాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి పేరయ్య సిద్ధం చేసిన జనం చుట్టుపక్కల పల్లెల నుంచి అక్కడ కూడి ఉన్నారు. కొన్ని రోజుల బోధ, విచారణ తర్వాత 28 మందికి బాప్తిస్మమయింది.

అంతలోనే ఒక చిక్కు వచ్చింది. మాదిగలను చేర్చుకుంటే తాము ఇటు రామని ఒంగోలులోని అగ్రవర్ణాల పెద్దలు, బడిపిల్లలు స్పష్టం చేశారు. క్లౌ, ఆయన భార్య ఆ రోజు వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే భాగం కనిపించిందని మిషన్ చరిత్ర చెబుతుంది. లోకం తృణీకరించినవాళ్ళను దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగమది. క్లౌ మాదిగలవైపే నిలబడ్డాడు. ఆ నిర్ణయంతో ఒంగోలు సంఘం భవిష్యత్తు తేలిపోయింది.

మూడు కట్టుబాట్లు

చేరదలచినవాళ్ళ ముందు క్లౌ మూడు కట్టుబాట్లు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలను పూజించకూడదు. వినడానికి తేలికగా ఉన్న ఈ మూడూ పల్లె బతుకు పునాదులను కదిలించాయి.

మాదిగ ఊరికి వెట్టివాడు. ఊళ్ళో చచ్చిన పశువును ఈడ్చుకుపోవడం, తోలు తీయడం, చెప్పులు, మోట తిత్తులు కుట్టివ్వడం అతని విధి. ఆ కళేబరం మీద మాంసం అతని హక్కుగా లెక్క. పంట నూర్పిళ్ళలో వచ్చే గింజలకు ఈ సేవలన్నీ బదులు. పోలేరమ్మ, అంకమ్మ జాతరల్లో డప్పు కొట్టడం కూడా అందులో భాగమే. క్రైస్తవుడైన మాదిగ జాతరలో డప్పు కొట్టనంటే రైతుకు అది తిరుగుబాటుగా కనిపించింది. ఆదివారం చాకిరీకి రానంటే కరణానికీ మునసబుకూ అది ధిక్కారం. గింజలు ఆపేశారు, బావుల దగ్గరికి రానివ్వలేదు, దొంగతనాల కేసులు బనాయించారు.

బయటినుంచి చూసేవాళ్ళకు ఇవి మతాచారపు పట్టింపులుగా తోచవచ్చు. ఆ పల్లెల్లో మాత్రం లోపలి మార్పుకు ఇవే కొలతలయ్యాయి. ఆకలితో ఉన్న ఇంట్లో ఎదురుగా ఉన్న మాంసాన్ని వద్దనుకోవడం, రైతు కోపాన్ని భరించి ఆదివారం ప్రార్థనకు కూర్చోవడం ఊరికే అయ్యే పని కాదు. కళేబరం తినడం మానడం పరిశుభ్రతకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. తరతరాలుగా నెత్తిన పెట్టిన అంటు అనే ముద్రను అది కాదనడం. నోబుల్ పాఠశాల విద్యార్థి ఆస్తి పోగొట్టుకున్నట్టే మాదిగ కుటుంబమూ తన చిన్నపాటి ఆధారాన్ని పోగొట్టుకుంది. అయితే విద్యార్థి త్యాగం అందరికీ కనిపించింది, మాదిగది కనిపించలేదు. ఎందుకు మారావన్న ప్రశ్న పేదవాణ్ణే ఎక్కువగా వెంటాడింది.

ధాత కరువు, కాలువ పని

1876లో వానలు ముఖం చాటేశాయి. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కనుక జనం దాన్ని ధాత కరువు అన్నారు. 1878 దాకా మద్రాసు రాష్ట్రంలో లక్షల ప్రాణాలు పోయాయి. కరువు పనుల కింద ప్రభుత్వం కోస్తా వెంబడి బకింగ్‌హామ్ కాలువను తవ్వించసాగింది. క్లౌ తన సర్వే చదువును ఉపయోగించి కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఊరికే గంజి పోయడం కంటే పని ఇచ్చి కూలి ఇవ్వడం మనిషికి గౌరవమని ఆయన భావించాడు.

రాజుపాలెం దగ్గర వెలసిన ఆ మకాంలో వేలమంది పనిచేశారు. మగవాళ్ళు మట్టి తవ్వితే ఆడవాళ్ళు తట్టలకెత్తి గట్టు మీద పోశారు. మిషన్ బోధకులే మేస్త్రీలయ్యారు. పని విరామంలో చుట్టూ కూర్చున్న కూలీలతో వాళ్ళు క్రీస్తు గురించి మాట్లాడేవాళ్ళు. దూరపు తాలూకాల నుంచి వచ్చిన జనం అంతకుముందెన్నడూ వినని మాటలు రోజుల తరబడి విన్నారు. పొరుగువాణ్ణి ప్రేమించమన్న బోధ, అడిగినవాడికి పని చూపే మేస్త్రీ ఒకచోటే కనిపించడం వాళ్ళ మనసులను కదిలించింది.

ఈ కాలమంతటా జనం బాప్తిస్మం అడుగుతూనే ఉన్నారు. క్లౌ ఇవ్వలేదు. సహాయం, మతం కలిసిపోతే ఏది దేనికోసం వచ్చిందో తేల్చడం ఎవరి తరమూ కాదని ఆయనకు తెలుసు. సుమారు పదిహేను నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపి ఉంచాడు. అడిగినవాళ్ళను ఊళ్ళకు వెళ్ళి ఓపిక పట్టమన్నాడు. పైపై మార్పును నివారించడానికి తెలుగు మిషన్ చరిత్రలో ఇంత పెద్ద ఎత్తున జరిగిన మరో ప్రయత్నం కనిపించదు.

వెల్లంపల్లి

1878 జూన్ నాటికి సహాయ నిధుల పంపిణీ ఆగిపోయింది. ఒంగోలులో మశూచి ఉండడంతో క్లౌ పట్టణానికి దూరంగా వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున మకాం వేశాడు. క్రైస్తవులను మాత్రమే పిలిచినా కొత్తవాళ్ళు వేలల్లో వచ్చారు. ఇవ్వడానికి తన దగ్గర ఇక ఏమీ లేదని క్లౌ చెప్పాడు. తాము డబ్బు కోసమో తిండి కోసమో రాలేదని వాళ్ళు బదులిచ్చారు. కాలువ పనిలో చేతులకు ఎక్కిన కాయలు చూపించి, కష్టపడి బతుకుతామనీ, వానలు మళ్ళీ తప్పి చావే వస్తే క్రైస్తవులుగా చస్తామనీ అన్నారు. ఆ చేతులను చూశాక క్లౌ వాళ్ళను తిరిగి పంపలేకపోయాడు.

అయినా నేరుగా నదిలోకి దింపలేదు. పల్లెలవారీగా జనాన్ని విడదీసి కూర్చోబెట్టారు. ప్రతి బోధకుడూ తన పల్లెల వాళ్ళను విడివిడిగా ప్రశ్నించాడు. ఏసును ఎందుకు నమ్ముతున్నారు, విగ్రహాలు వదిలారా, ఇంట్లో నడవడి ఎలా ఉంది అన్నది కనుక్కున్నారు. ఆ పల్లెను ఎరిగిన బోధకుడి మాటే సాక్ష్యం. అనుమానం ఉన్నవాళ్ళను ఆపి ఉంచారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. అభిషేకం పొందిన తెలుగు బోధకులు ఆరుగురు ఇద్దరిద్దరి చొప్పున వంతులు తీసుకుని నీళ్ళలో నిలబడ్డారు. క్లౌ స్వయంగా ఎవరికీ ఇవ్వలేదు. ప్రతి మనిషినీ బాప్తిస్మపు మాటలు పూర్తిగా పలికే ముంచారు. పెంతెకొస్తు నాడు యెరూషలేములో మూడువేల మందిని ముంచడం సాధ్యమేనా అని వాదించుకునేవాళ్ళకు ఆ తర్వాత బాప్టిస్టులు గుండ్లకమ్మనే రుజువుగా చూపారు.

జూలై చివరికి బాప్తిస్మాల సంఖ్య 8,691 అయింది. ఏడాది ముగిసేసరికి 9,606కు చేరింది. ఒంగోలు సంఘం ప్రపంచంలోని బాప్టిస్టు సంఘాలన్నిటిలో పెద్దదిగా పేరు పొందింది.

సందేహాలు

విమర్శ వెంటనే మొదలైంది. అన్నం కోసం మతం పుచ్చుకున్నవాళ్ళన్న మాట పత్రికల్లోనూ, తోటి మిషనరీల లేఖల్లోనూ వినిపించింది. బాప్టిస్టులే కొందరు కలవరపడ్డారు. ఒక్కొక్కరి హృదయాన్ని పరీక్షించాలన్న తమ నియమం ఒక రోజులో రెండువేల మందికి ఎలా పనికొస్తుందని అడిగారు.

ఈ సందేహంలో న్యాయం లేకపోలేదు. పల్లెలు కట్టగట్టుకుని కదిలినప్పుడు కుటుంబ పెద్ద నిర్ణయం వెంట నడిచినవాళ్ళు తప్పక ఉంటారు. అత్త వచ్చింది కనుక కోడలు వచ్చింది, అన్న వచ్చాడు కనుక తమ్ముడు వచ్చాడు. క్లౌ మొదట్లో వ్యక్తిగత మార్పునే నమ్మాడు. ఈ జనం ఒంటరిగా బతకరనీ, విశ్వాసం కూడా కుటుంబంగానే వాళ్ళను చేరుతుందనీ కాలక్రమంలో గ్రహించాడు. ఆయన అనుభవాలు మరణానంతరం 1914లో పుస్తకంగా వచ్చాయి. దాన్ని సిద్ధం చేసిన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ అమెరికాలో సామాజిక సువార్తకు పేరుపడ్డ వాల్టర్ రౌషెన్‌బుష్ సోదరి. కూలి, ఆకలి, వెట్టి ఇవన్నీ విశ్వాసానికి బయటి విషయాలు కావన్న అవగాహన ఆ పుస్తకంలో అడుగడుగునా కనిపిస్తుంది.

సందేహానికి మాటలతో జవాబు చెప్పడం కుదరదు. అసలు పరీక్ష బాప్తిస్మం తర్వాతి సోమవారం నుంచి మొదలైంది.

పంతులు ఉన్న పల్లె, లేని పల్లె

కరువు పోయింది, పంటలు వచ్చాయి. బియ్యం కోసమే వచ్చినవాళ్ళయితే అప్పుడు వెనక్కి పోవాలి. ఎక్కువమంది పోలేదు. 1882 నాటికి ఒంగోలు సంఘ సభ్యులు ఇరవై వేలు దాటారు. 1890 డిసెంబరు 28న ఒంగోలులో మరో 1,671 మంది ఒక్కరోజే బాప్తిస్మం పొందారు. అప్పుడు కరువు లేదు, కాలువ పనీ లేదు.

అంతమాత్రాన అందరి మార్పూ లోతైనదని చెప్పలేం. ఇరవై వేలమంది వందల పల్లెల్లో చెల్లాచెదురుగా ఉన్నారు. చదువు రాదు. బైబిలు చేతిలో లేదు. ఒక్క సంఘంగా ఇంతమందిని కాపాడడం అసాధ్యమని తేలిపోయి 1880ల తొలినాళ్ళలో కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల ప్రాంతాలను వేరే కేంద్రాలుగా విడదీశారు. అంతకు పదేళ్ళ ముందే రామాపట్నంలో ప్రారంభమైన సెమినరీ తెలుగు బోధకులను తయారుచేసే పనిలో ఉంది.

పల్లెలో పంతులుండడమే ఫలితాన్ని నిర్ణయించింది. పంతులంటే పగలు పిల్లలకు ఓనమాలు, రాత్రి పెద్దలకు వాక్యం నేర్పే మనిషి. పొలం నుంచి తిరిగొచ్చిన జనం దీపం చుట్టూ చేరి పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, బైబిలు కథలు కంఠతా పట్టేవాళ్ళు. చదువు రానివాళ్ళకు కీర్తనలే గ్రంథమయ్యాయి. పురుషోత్తమ చౌదరి వంటి కవులు దేశి రాగతాళాల్లో కట్టిన పాటలు తత్వాలకు అలవాటుపడిన చెవులకు సులువుగా ఎక్కాయి. ఇల్లాలు వంట కోసం బియ్యం కొలిచిన ప్రతిసారీ పిడికెడు తీసి దేవుడి కోసం వేరే కుండలో వేసేది. కోత పండుగకు తొలి గింజలు, కోడిపిల్లలు, గుమ్మడికాయలు కానుకగా వచ్చేవి. అప్పులో పుట్టి అప్పులో చచ్చే కుటుంబం ఇవ్వడం నేర్చుకుంది. తీసుకోవడానికే వచ్చారన్న నిందకు ఇంతకంటే గట్టి సమాధానం లేదు.

పంతులు లేని పల్లెల్లో కథ వేరుగా ఉండేది. మశూచి సోకితే పోలేరమ్మకు మొక్కు చెల్లించడం, పెళ్ళికీ చావుకూ సారా ఏరులై పారడం, సంవత్సరానికోసారి పాదిరి గుర్రబ్బండి వచ్చినప్పుడు మాత్రమే ఆరాధన జరగడం ఉండేవి. పేర్లు మారినా పెద్దగా మరేమీ మారలేదు. మిషన్ నివేదికల్లో మాత్రం ఈ రెండు రకాల పల్లెలూ ఒకే అంకెలో కలిసిపోయేవి. అంకెల మీద మోజు పైపై మార్పుకు మరో రూపం. దాని బాధ్యత మతం పుచ్చుకున్న జనానిది కాదు, లెక్కలు పంపినవాళ్ళది, ఆ లెక్కలు చూసి సంతోషించినవాళ్ళది.

డోర్నకల్ అనుభవం

20వ శతాబ్దంలో ఈ ప్రశ్నను అందరికంటే శ్రద్ధగా పట్టించుకున్న వ్యక్తి బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి ప్రాంతానికి చెందిన ఆయన 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందాడు. డోర్నకల్ కేంద్రంగా నిజాం రాజ్యంలోనూ, కృష్ణా ప్రాంతంలోనూ మాలమాదిగల సామూహిక ఉద్యమానికి మూడు దశాబ్దాలకు పైగా కాపరిగా ఉన్నాడు. తెలుగు నేర్చుకుని, ఎద్దుబండి మీద పల్లెపల్లెకూ తిరిగాడు.

అజరయ్య దృష్టిలో బాప్తిస్మం ముగింపు కాదు. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళు తమ తలమీద చేయి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అన్న పౌలు మాటను ప్రతిజ్ఞగా పలకాలని ఆయన కోరేవాడు. చదువు రాని కూలీ కూడా తొలిరోజు నుంచే ఇతరులకు చెప్పవలసిన బాధ్యత గల మనిషి అయ్యాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటినీ పల్లె శత్రువులుగా పేర్కొని సంఘాల చేత పోరాడించాడు. ఏటా ఒక వారం పాటు సంఘస్థులంతా పొరుగు పల్లెలకు వెళ్ళి సాక్ష్యం చెప్పే ఏర్పాటు చేశాడు. ఆరాధనలో దేశి పద్ధతులకు చోటిచ్చాడు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్ నిర్మాణంలో గుడి, మసీదు శిల్పరీతులు కలిసి కనిపిస్తాయి.

1930లలో సామూహిక మతమార్పిడి జాతీయ వివాదమైంది. 1935 అక్టోబరులో యేవలాలో అంబేడ్కర్ తాను హిందువుగా చావనని ప్రకటించాక చర్చ మరింత వేడెక్కింది. హరిజనుల సామూహిక మార్పిడిలో ఆత్మసంబంధమైన ప్రేరణ లేదని గాంధీ గట్టిగా విమర్శించాడు. పేదవాడికి దేవుణ్ణి వెతికే శక్తి లేదనుకోవడం అతన్ని చిన్నచూపు చూడడమేనన్నది సంఘాల వైపు వాదనలో ప్రధానాంశం. గౌరవం కోరడం, దేవుణ్ణి కోరడం పేదవాడి బతుకులో రెండు వేరువేరు దారులు కావు. తనను అంటరానివాడిగా చూడని దేవుణ్ణి నమ్మడంలో ఆ రెండూ ఒకటయ్యాయి.

ఈ చర్చలో కొత్త సాక్షులు బయటినుంచి వచ్చారు. 1920ల నుంచి తెలుగు ప్రాంతాల్లో శూద్ర కులాల కుటుంబాలు వేల సంఖ్యలో సంఘాల్లో చేరసాగాయి. తమ పాలేర్లలోనూ కూలీల్లోనూ వచ్చిన మార్పు చూసి వచ్చామని వాళ్ళలో చాలామంది చెప్పారు. తాగుడు మానిన, శుభ్రంగా ఉన్న, పిల్లల్ని బడికి పంపుతున్న కూలీ కుటుంబం వాళ్ళకు బోధ అయింది.

కారణాల లెక్క, జీవితపు లెక్క

జె. వాస్కమ్ పికెట్ అనే మెథడిస్టు మిషనరీ ఈ ప్రశ్నను మొదటిసారిగా పెద్దఎత్తున సర్వే చేశాడు. నేషనల్ క్రిస్టియన్ కౌన్సిల్ తరఫున ఆయన బృందం దేశంలోని పలు ప్రాంతాల్లో, తెలుగు జిల్లాలతో కలిపి, వేలాది మంది క్రైస్తవులను విచారించింది. నివేదిక 1933లో వెలువడింది. ఎందుకు క్రైస్తవులయ్యారన్న ప్రశ్నకు సుమారు మూడోవంతు మంది ఆధ్యాత్మిక కారణాలు చెప్పారు. మరో మూడోవంతు క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టామన్నారు. మిగిలినవాళ్ళలో ఎక్కువమంది బంధువులు, కులం వెంట వచ్చామన్నారు. సహాయం, చదువు, ఉద్యోగం వంటి లౌకిక కారణాలు చెప్పినవాళ్ళు అందరికంటే తక్కువ.

పికెట్ అంతటితో ఆగలేదు. ఏ కారణంతో వచ్చినవాళ్ళు తర్వాత ఎలా బతుకుతున్నారో కూడా పోల్చి చూశాడు. ఆరాధనకు రావడం, కానుక ఇవ్వడం, తాగుడు మానడం, విగ్రహాలకు మొక్కకపోవడం, ప్రార్థన తెలిసి ఉండడం వంటి గుర్తులు పెట్టుకున్నాడు. తక్కువ స్థాయి కారణాలతో వచ్చినా మంచి బోధ దొరికినచోట జనం లోతుగా ఎదిగారు. ఉన్నతమైన కారణంతో వచ్చినా బోధ దొరకనిచోట కుంగిపోయారు. వచ్చిన కారణం కంటే వచ్చాక దొరికిన కాపరితనమే ఎక్కువ నిర్ణయాత్మకమని తేలింది. ఒంగోలు పల్లెల్లో యాభై ఏళ్ళుగా పంతుళ్ళు కళ్ళారా చూసిన నిజానికి ఈ సర్వే లెక్కల బలం చేకూర్చింది.

మారకుండా మిగిలినవి

ఇదే కొలమానం సంఘాల లోపాలనూ బయటపెడుతుంది. అన్నిటికంటే పెద్దది కులం. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు, మరికొన్ని మిషన్ల పరిధిలో మాలలు అధిక సంఖ్యాకులయ్యారు. శాఖల సరిహద్దులు కులాల సరిహద్దులతో కలిసిపోయాయి. ఒకే ఊళ్ళో రెండు పేటలకు రెండు ప్రార్థన మందిరాలు వెలిశాయి. ప్రభురాత్రి భోజనంలో ఒకే పాత్రను అందుకోవడానికి జంకినవాళ్ళు, ఆరాధనలో పక్కపక్కన కూర్చున్నా పిల్లనివ్వడానికి ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు. శూద్ర కులాల కుటుంబాలు చేరాక కొన్నిచోట్ల దూరం మరింత పెరిగింది. కట్నం సంఘపు పెళ్ళిళ్ళలోనూ పాతుకుపోయింది. చచ్చిన పశువు మాంసం వదిలేసినంత సులువుగా కులాన్ని వదలలేకపోవడం ఈ చరిత్రలోని అతి బాధాకరమైన విషయం.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఈ చిక్కుకు మరో ముడి వేసింది. షెడ్యూల్డు కులాల గుర్తింపు హిందువులకే పరిమితమైంది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులైన దళితులు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ బి.సి.-సి కింద ఒక శాతం రిజర్వేషన్‌కు పరిమితమయ్యారు. పొలంలోనూ వీధిలోనూ కులవివక్ష మాత్రం మతం చూసి ఆగలేదు. ఫలితంగా సంఘం రిజిస్టరులో ఒక పేరు, ప్రభుత్వ కాగితంలో మరో పేరు ఉన్న కుటుంబాలు ఏర్పడ్డాయి. వీళ్ళ విశ్వాసాన్ని కాగితం చూసి తేల్చడం అన్యాయం. కాగితం చట్టం విధించిన ఒత్తిడిని చూపుతుంది, హృదయాన్ని చూపదు.

ఒంగోలు నుంచి డోర్నకల్ దాకా సాగిన ఈ చరిత్ర నిజమైన మార్పుకు మూడు గుర్తులు చూపిస్తుంది. మొదటిది నష్టాన్ని ఓర్చుకోవడం. కళేబరం, డప్పు, ఆదివారపు చాకిరీ వదిలినవాళ్ళు దాన్ని చూపారు. రెండోది ఇవ్వడం నేర్చుకోవడం. పిడికెడు బియ్యం దానికి సాక్ష్యం. మూడోది పక్కవాణ్ణి సాటి మనిషిగా, సహోదరుడిగా అంగీకరించడం. ఈ మూడో గుర్తు దగ్గర తెలుగు సంఘం ఇంకా తన బాకీ తీర్చుకోవలసి ఉంది. వచ్చినవాళ్ళ ఉద్దేశాన్ని శంకించడం తేలిక. వాళ్ళకు బోధ, తోడు, సమాన స్థానం ఇవ్వడం సంఘం మొత్తం తరతరాలుగా చేయవలసిన పని. ఆ పని జరిగిన పల్లెల్లో కరువు రోజుల్లో తీసుకున్న బాప్తిస్మం మనవల కాలందాకా నిలిచింది.